ఎవర్‌గ్రీన్ అంటే ఆకు రాలనిది కాదు

మా ఇంట్లో రేడియోలో ఏ పాత పాట వచ్చినా ‘ఎవర్‌గ్రీన్ పాట’ అంటాము. ఆంధ్రా వైపు నుంచి వచ్చే బంధువులు మమ్మల్ని మెచ్చుకునేదీ ఆ మాటతోనే: ఇన్ని తరాలుగా కోలారు జిల్లాలో ఉన్నా మీ తెలుగు ఎవర్‌గ్రీన్ అని. మళ్ళీ అదే నోటితో, ‘చారుని సారు అంటారేమి, కూరని పల్యం అంటారేమి’ అని నవ్వుతారు. వాళ్ళు ఆ మాటను సగమే అర్థం చేసుకున్నారని మా అభిప్రాయం.

మేము చదివింది కన్నడ మీడియం. పాఠంలో దీనికి ‘నిత్యహరిద్వర్ణ’ అని ఉండేది. తెలుగులో ‘సతత హరితం’ అంటారని తర్వాత తెలిసింది. రెండింట్లోనూ ఎప్పుడూ పచ్చగా ఉండడమే ఉంది, ఆకు రాలదని ఎక్కడా లేదు. మామిడినో పనసనో చూడండి. ఏడాది పొడుగునా కింద ఎండాకులు ఊడ్చాల్సిందే. టేకు మాదిరిగా ఒకేసారి బోడిగా నిలబడవు, అంతే. పాతాకు కొంత రాలుతుంటే కొత్త చిగురు వస్తూ ఉంటుంది. అందుకే ఉగాది తోరణానికి మామిడాకు దొరకని ఏడు లేదు.

మా టెస్టింగ్ పనిలో కూడా ఈ మాట ఉంది. తనంతట తాను అప్‌డేట్ అయ్యే బ్రౌజర్‌ను ఎవర్‌గ్రీన్ బ్రౌజర్ అంటారు. మారనిది కాదు, మారుతూ ఉండేది. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ పాతవన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయా అని చూడడమే మా ఉద్యోగం.

ఇంట్లోనూ ఆ పనే చేయాలి. అవ్వ నోట ఉండిన కపిల, ఏతం, గాదె ఇప్పుడు లేవు. వాటి చోట బోరు, మోటరు వచ్చాయి. దానికి మాకు దిగులు లేదు. రాలిన చోట చిగురు రాకపోతేనే భయం. మా పిల్లలు అవ్వతో తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగిస్తున్నారు. ‘సారు’ అన్నందుకు నలుగురిలో నవ్వితే రేపు ఆ మొదలు కూడా పెట్టరు.

కాబట్టి వచ్చే బంధువులకు మా మనవి ఒకటే. రాలిన ఆకులు లెక్కపెట్టకండి. పిల్లలు ఏ మాట కలిపి మాట్లాడినా, తెలుగులోనే జవాబు చెప్పి ఇంకో ప్రశ్న అడగండి.