సోదాకు సాక్షులెవరు?

హైదరాబాద్ పాతబస్తీలోనైనా, జిల్లాలలోనైనా ‘కార్డన్ సెర్చ్’ అన్న మాట నేడు కొత్త కాదు. వీధి మొత్తాన్ని చుట్టుముట్టి ఇల్లిల్లూ గాలిస్తారు. నేరాన్ని అరికట్టడం పోలీసుల విధి, అందులో వివాదం లేదు. అయితే గడప దాటే అధికారానికి చట్టం గీసిన హద్దులేమిటో మన కుటుంబాలలో ఎందరికి తెలుసు?

ఈ విషయంలో ముఖ్యమైన ఒక తీర్పు మన ఉమ్మడి రాష్ట్రపు వివాదంలోనే వెలువడింది. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపు చట్టం 73వ సెక్షన్‌ను సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా దస్తావేజులను తనిఖీ చేయవచ్చునని, స్వాధీనపరచుకోవచ్చునని శాసించింది. కెనరా బ్యాంకు దీనిని సవాలు చేసింది. హైకోర్టు ఆ సవరణను కొట్టివేయగా, 2004లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే సమర్థించింది. గోప్యత హక్కు స్థలానిది కాదు, మనిషిది అన్నది ఆ తీర్పు సారాంశం.

అంతమాత్రాన నిశ్చింతగా ఉండరాదు. సోదా అక్రమమైనా, దొరికిన వస్తువు కేసుకు సంబంధించినదై, చట్టం నిషేధించని పక్షంలో సాక్ష్యంగా చెల్లుతుందని పూరన్‌మల్ కేసులో 1973లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మాదకద్రవ్యాల చట్టం కింద ఒంటిమీద సోదా విషయంలో మాత్రం 1999లో బల్‌దేవ్ సింగ్ కేసు ఊరటనిచ్చింది. గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉన్నదని ముందుగా తెలుపకపోతే, కేవలం అలా దొరికిన సరుకు ఆధారంగా వేసిన శిక్ష నిలువదు.

కనుక ‘కోర్టులో చూసుకుందాం’ అనుకొనేలోపే ఆలస్యమైపోతుంది. సోదా వేళ తయారయ్యే పంచనామాయే రేపటి కేసుకు పునాది. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సోదాను, జాబితా తయారీని, సాక్షుల సంతకాలను దృశ్య శ్రవణ రూపంలో చిత్రీకరించి, జాప్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. ఇంటివారిని సోదా సమయంలో ఉండనివ్వాలి, జాబితా ప్రతిని వారికివ్వాలి. స్త్రీని సోదా చేయవలసివస్తే మరో స్త్రీయే, మర్యాదకు భంగం కలగకుండా చేయాలి. ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు లేక అంతకు మించి స్వతంత్రులు, గౌరవనీయులు సాక్షులుగా ఉండాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. స్థానికులెవరూ ముందుకు రాకపోతే వేరే చోటివారిని పిలిచే వీలు చట్టమే కల్పించింది. పోలీసు జీపు కనబడగానే చదువుకున్నవారు తలుపులు మూసుకుంటారు. ఆ ఖాళీలో ఊరూ పేరూ తెలియనివారు పంచులవుతారు. ఇంట్లో ఏది దొరికిందో, ఏది దొరకలేదో వారి సంతకమే నిర్ణయిస్తుంది. ఉద్యోగ జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపినవాడిగా చెబుతున్నాను, సంతకం పడిన కాగితాన్ని తర్వాత కాదనడం ఎంత కష్టమో గుమాస్తాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

పంచుగా నిలబడడం పోలీసుల పక్షం వహించడం కాదు, నిందితుని వెనకేసుకు రావడమూ కాదు. కన్నది కన్నట్టు చెప్పడమే. సమన్లు వస్తే తప్ప కోర్టుకు వెళ్ళనక్కరలేదని కూడా చట్టం చెబుతోంది. లిఖితపూర్వకంగా పిలిచినప్పుడు సరైన కారణం లేకుండా నిరాకరించడమే నేరం. సాక్ష్యాన్ని దాచరాదన్న ధర్మబోధ మనకు చిన్ననాటి నుండీ తెలిసినదే.

మా నంగునూరు వంటి ప్రతి మండలంలో మసీదు కమిటీలు, యువజన సంఘాలు కలిసి సాక్ష్యానికి వెనుకాడని విశ్రాంత ఉద్యోగులను, ఉపాధ్యాయులను, మహిళలను ముందే గుర్తించాలి. కులమతాలకు అతీతంగా ఇరుగుపొరుగువారినీ కలుపుకోవాలి. పంచనామాను పూర్తిగా చదవనిదే, ఖాళీ కాగితం మీద ఎన్నడూ సంతకం చేయరాదని వారికి నేర్పాలి. దీనికి నిధులు అవసరం లేదు, ఒక శుక్రవారం నమాజు తర్వాత అరగంట చాలు.