భక్తికి భయం తోడెందుకు?

మన ఇళ్ళల్లో "భయభక్తులు" అని రెండు మాటల్నీ ఒకే ముడి వేసి అంటూంటాం. అలా అనీ అనీ, భయం ఉంటేనే భక్తి అనుకునే దాకా వచ్చేశాం. ఆయనకి ఉద్యోగం పోయిందనుకోండి, బిడ్డకి నాలుగు రోజులైనా జ్వరం తగ్గలేదనుకోండి, మనకి ముందుగా వచ్చే ఆలోచన ఏమిటి? "ఏ పూజలో ఏం లోటు చేశానో! ఏ మొక్కు మర్చిపోయానో!" అసలే కష్టం. దానిమీద ఈ నేరం కూడా నెత్తిన వేసుకుంటాం.

ఒక్క క్షణం ఆలోచించండి. బిడ్డ దణ్ణం పెట్టడం మర్చిపోయాడని ఏ తల్లయినా వాడికి జ్వరం రావాలని కోరుకుంటుందా? మనం చెయ్యని పని దేవుడు చేస్తాడని ఎలా అనుకుంటామండీ?

తరిగొండ వెంగమాంబ గారి సంగతి చూడండి. 18వ శతాబ్దంలో, ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని తరిగొండలో పుట్టారావిడ. చిన్నతనంలోనే భర్త పోయాడు. వేంకటేశ్వరుడే నా భర్త అని ఆవిడ బొట్టూ గాజులూ తీయలేదు. ఆ రోజుల్లో అదెంత పెద్ద తప్పో చెప్పాలా? ఊరంతా వేలెత్తి చూపింది. తిరుమల కొండమీదికి వెళ్ళినా కష్టాలు తప్పలేదనీ, కొంతకాలం తుంబురు కోనలో ఒంటరిగా గడిపారనీ చెబుతారు.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. ఊరి నోళ్ళు మూతపడ్డాక చూద్దాంలే అని ఆవిడ కూర్చోలేదు. తరిగొండలో ఉండగానే నృసింహస్వామి మీద శతకం చెప్పారు. తర్వాత వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, ఇంకా ఎన్నో రాశారు. 1817లో ఆవిడ కాలం చేశారు. ఇన్నేళ్ళ తర్వాత, ఈనాటికీ తిరుమలలో రాత్రి ఏకాంత సేవలో ఆవిడ పేరిట ముత్యాల హారతి ఇస్తూనే ఉన్నారు. వేలెత్తి చూపినవాళ్ళ పేర్లు మనలో ఎందరికి తెలుసు?

నమ్మకమంటే "అంతా నేననుకున్నట్టే జరుగుతుంది" అనే ధీమా కాదు. ఏం జరిగినా నేను ఒంటరిదాన్ని కాను, నా చేతిలో ఉన్న పని నేను చేస్తాను అనే నిబ్బరం. పాలు పొంగుతుంటే పొయ్యి ముందు నిలబడి దేవుణ్ణి పిలుస్తూ ఊరుకోం కదా! ముందు మంట తగ్గిస్తాం. బతుకులోనూ అంతే.

రాత్రిళ్ళు గుండె దడదడలాడుతుంటే ఇలా చేసి చూడండి. ఒక కాగితం మీద మధ్యకి గీత గీయండి. నా చేతిలో ఉన్నవి ఒకవైపు రాయండి: డాక్టరుకి చూపించడం, బ్యాంకుకి వెళ్ళి అప్పు గడువు అడగడం, పుట్టింటివాళ్ళకి విషయం చెప్పడం. నా చేతిలో లేనివి రెండోవైపు. ఆ రెండోవైపు ఉన్నవాటిని దేవుడి ముందు పెట్టి, "ఇవి నీవి, స్వామీ" అనండి. మొదటివాటిలో ఒక్కటైనా మర్నాడే చెయ్యండి. చర్చికి వెళ్ళేవారైనా, నమాజు చేసుకునేవారైనా ఇదే పద్ధతి.

ఒక్క హెచ్చరిక. "ఈ హోమం చేయించకపోతే మీ ఆయనకి గండం" అని ఎవరైనా వేలకి వేలు అడిగితే, వాళ్ళు అమ్ముతున్నది భక్తి కాదు, భయం. మెడలో గొలుసు కుదువపెట్టి మరీ దాన్ని కొనక్కర్లేదు. ఇంట్లో ఒక వత్తి దీపం చాలు.

ఇంకో మాట. వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సయించక, బతుకే వద్దనిపిస్తుంటే అది భక్తి తక్కువై కాదు. జ్వరానికి మందు వేసుకున్నట్టే దానికీ వైద్యం ఉంది. ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళప్పుడైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు. సాయం అడగడం దేవుణ్ణి నమ్మకపోవడం కాదండీ. ఆయన సాయం మనుషుల చేతుల మీదుగానే కదా మనకి అందేది!