పదిమందిలో ఒకడు

వలస పక్షుల సంఖ్య డెసిమేట్ అయింది, తెగులుతో పంట డెసిమేట్ అయింది... ఇంగ్లిష్ పత్రికలు తిరగేస్తే ఈ క్రియ ఎక్కడో ఒకచోట తగులుతుంది. దారుణంగా దెబ్బతీయడం, చాలావరకు నాశనం చేయడం అని అర్థం. కానీ పుట్టినప్పుడు దానికో కచ్చితమైన లెక్క ఉండేది. పదింట ఒక వంతు!

లాటిన్‌లో డెకెమ్ అంటే పది. సంస్కృతంలోని ‘దశ’కూ దానికీ మూలం ఒక్కటే. డెసిమల్, డిసెంబరు కూడా ఆ ఇంటి పిల్లలే. (డిసెంబరు పన్నెండో నెల కదా అంటారా? రోమన్ల పాత క్యాలెండరు మార్చితో మొదలయ్యేది మరి!)

ఇక డెసిమేట్ సంగతి. అది రోమన్ సైన్యంలో ఒక శిక్ష. శత్రువును చూసి దళమంతా పారిపోతే అందర్నీ చంపడం కుదరదు, సైన్యమే ఖాళీ అయిపోతుంది. వదిలేస్తే రేపు మరో దళం పారిపోతుంది. అందుకే చీటీలు తీసేవారు. పదిమందిలో ఒకరి వంతు వచ్చేది. ముందుగా పరుగెత్తింది ఎవరు, చివరిదాకా నిలబడింది ఎవరు అన్న విచారణేమీ లేదు. చీటీ ఎవరికొస్తే వాడే దోషి.

చంపడానికి తలారి రాడు. నిన్నటిదాకా ఒకే గుడారంలో పడుకున్న తోటి సైనికులే కర్రలతో, రాళ్లతో కొట్టి చంపాలి. మిగిలినవాళ్లకూ శిక్ష ఉందని గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ రాశాడు. గోధుమలు ఆపేసి బార్లీ ఇచ్చేవారట. శిబిరం గోడకు బయట, రక్షణ లేనిచోట మకాం వేయమనేవారట. చచ్చినవాడి బాధ కాసేపే. బతికినవాళ్లది?

క్రీ.పూ. 471లోనే ఈ శిక్ష అమలైనట్టు లివీ చరిత్ర చెబుతుంది. తర్వాత వాడుక తగ్గింది. బానిసల నాయకుడు స్పార్టకస్‌తో యుద్ధంలో క్రాసస్ దాన్ని మళ్లీ బయటికి తీశాడు. ఆయుధాలు పారేసి పారిపోయిన 500 మందిని పదేసి మంది చొప్పున 50 జట్లు చేసి, జట్టుకొకర్ని చంపించాడని ప్లూటార్క్ రాశాడు. ఇదంతా పాతకాలపు మోటుతనం అనుకోవడానికీ లేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, తిరగబడిన ఓ ఇటలీ బ్రిగేడ్‌లో కొందర్ని చీటీలు తీసే కాల్చి చంపారు.

ఇంగ్లండ్‌లో ఈ మాట పన్నుల్లోకీ దూరింది. 1655లో క్రామ్‌వెల్ ప్రభుత్వం రాజు పక్షాన నిలిచిన ఆస్తిపరుల ఆదాయంలో పదోవంతు లాక్కుంది. ఆ పన్ను పేరు డెసిమేషన్.

ఇప్పుడు ఎవరైనా ‘సగం ఊరు డెసిమేట్ అయింది’ అని రాస్తే, ‘పదోవంతే కదా!’ అని తప్పుపట్టే ఛాందసులు ఉన్నారు. వాళ్లు కాస్త ఆలస్యంగా మేల్కొన్నట్టే. లెక్కతో సంబంధం లేకుండా ‘భారీగా నాశనం చేయడం’ అన్న అర్థం 17వ శతాబ్దంలోనే మొదలైంది, నిఘంటువులూ ఒప్పుకున్నాయి. అయినా ‘పూర్తిగా డెసిమేట్’, ‘90 శాతం డెసిమేట్’ అంటే మాత్రం చెవికి ఇబ్బందే. ఏమీ మిగల్లేదని చెప్పాలంటే ఆ భాషలోనే ఎనైహిలేట్ ఉంది. అదీ లాటిన్ సరుకే. నిహిల్ అంటే ఏమీ లేకపోవడం.