ఉపవాసమును ఎముక రాచపుండును

రంజాను దినములలో చార్మినారు చుట్టుపట్లను, ఏకాదశినాడు మన యిండ్లలోను ఒక మాట యిటీవల వినవచ్చుచున్నది. ఉపవాసమున్నవాని దేహములో జీవకణములు తమ చెత్తను తామే తినివేయుననియు, అందుచే రాచపుండు సైతము కరగిపోవుననియు, ఇది నోబెలు బహుమానము పొందిన సత్యమనియు నా మాట. ఇందు సగము నిజము. ఆ సగమే ప్రాణాపాయకరమైనది.

జీవకణము తనలోని శిథిలభాగములను కరగించి, ఆ సారమును మరల వాడుకొనును. దీనికి 1963లో క్రిస్టియన్ డి డువే 'ఆటోఫజీ' యని పేరిడెను, మనము స్వభక్షణమనవచ్చును. ఈస్టు కణములయందు దీని మర్మమును ఛేదించిన జపాను పండితుడు యోషినోరి ఒసుమికి 2016లో నోబెలు బహుమానము లభించెను. ఆ బహుమానము ఉపవాసచికిత్సకు గాదు.

స్వభక్షణము ఆరోగ్యముగల కణమును చెడకుండ కాపాడును. కాని పుండు పుట్టిన పిదప కంచె చేను మేసినట్లగుచున్నది. ఎముకలలో పుట్టు ఆస్టియోసార్కోమా కణములు మందు దెబ్బ తగులగానే తమ్ము తాము కొంత తిని, గడ్డుకాలము గడపి, మరల తలయెత్తుట ప్రయోగశాలలలో కనబడినది. కొన్ని పట్ల అదియే కణమును చంపుటయు గలదు. కావుననే పరిశోధకులు దీనిని అణచు మందును గూడ వెదకుచు, మలేరియాకు వాడు హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను పరీక్షించుచున్నారు. మలేరియా క్రిమిని దోమకడుపులో రొనాల్డు రాసు 1897లో కనుగొన్నది మన సికందరాబాదులోనే గదా! అయినను ఈ మందు ఎముక పుండునకు ఇంకను పరీక్షాదశ దాటలేదు.

దాటినది మెథోట్రెక్సేటు. భీమవరమున 1895లో జన్మించి 1948లో గతించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలవారు ఫోలికామ్లమునకు విరోధులైన మందులను సృష్టించిరి. ఇది ఆ కుదురులోనిదే. కాలు తీసివేయుట యొక్కటియే చికిత్సగా నున్ననాడు నూటికి సుమారు 80 మంది, పుండు ఊపిరితిత్తులకు ప్రాకి, మరణించెడివారు. నేడు మందులును శస్త్రమును చక్కగా జరుగుచోట, పుండు ప్రాకకమునుపే వచ్చినవారిలో నూటికి 60 మంది వఱకు బ్రతుకుచున్నారు. పలువురకు కాలును దక్కుచున్నది. కాని ఈ మందును పెద్ద మోతాదున ఇచ్చునపుడు దేహమున నీరు సమృద్ధిగా నుండవలెను. లేనిచో అది మూత్రపిండములలో పేరుకొని వానిని చెఱచును. అట్టి బాలుని నీరైన ముట్టని యుపవాసమున నుంచుట యెంత సాహసమో పాఠకులే యూహింతురు గాక.

ఈ రోగము ఎక్కువగా ఎదుగు వయస్సు పిల్లలకు మోకాలి చెంత వచ్చును. రాత్రులు హెచ్చు నొప్పియు, తగ్గని వాపును దీని గుర్తులు. ఆటలో తగిలిన దెబ్బ యనుకొని పాతబస్తీలో పహిల్వానుకడకు గొనిపోయి మర్దన చేయింతురు. విఱిగిన ఎముకను కట్టుటలో వారి నేర్పును మేము కాదనము. వారములు గడచినను తగ్గని వాపును మర్దించుట మాత్రము తగదు. ముందుగా ఎక్సురే తీయింపవలెను. మూసీ దాటిన రెడ్‌హిల్సులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955లో వెలసిన సర్కారు కాన్సరు ఆసుపత్రి యున్నది.

రోగులకు రోజా నుండి మినహాయింపు ఇస్లాములో స్పష్టముగా గలదు. ఏకాదశికిని మన పెద్దలు రోగులను, పసివారిని బలవంతపెట్టలేదు. రాబోవు రంజానుకు మునుపే మక్కా మసీదులోను, మన ఆలయములలోను ఈ సంగతిని పెద్దలు స్వయముగా ప్రకటింపవలెనని కోరుచున్నాము.