సోమవారం దాకా ఆగలేమా?



పెద్ద హీరో సినిమా విడుదలవుతోందంటే ఇంట్లో పిల్లల హడావిడి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. మొదట హీరో ఫస్ట్ లుక్ అంటారు. తరువాత టీజరు, ఆ తరువాత ఒక్కొక్క పాట, ఆపైన ట్రైలరు, చివరకు వేలాదిమంది మధ్య ప్రీ రిలీజ్ వేడుక. నెలల తరబడి ఊరిస్తారు. ఆ రోజు రానే వస్తుంది. తెల్లవారకముందే లేచి, వందలకు వందలు పోసి టికెట్టు కొని వెళ్ళిన కుర్రవాడు ముఖం వేలాడేసుకొని తిరిగి వస్తాడు. "ఎలా ఉందిరా?" అని తల్లి అడిగితే, "ఏమీ లేదమ్మా" అంటాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే కదా!

ఎందుకిలా జరుగుతోంది? తప్పు సినిమాదా, ప్రచారానిదా, లేక మనదా? ఈ నెల దీన్ని గురించి కొంచెం ఆలోచిద్దాం.

ముందుగా కొన్ని సినిమాలను గుర్తు చేసుకుందాం. 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' (2013)ను కుటుంబాలు ఎంతో ఆదరించాయి. అదే దర్శకుడు, అదే మహేశ్ బాబు కలిసి 'బ్రహ్మోత్సవం' తీస్తున్నారనగానే జనం ఎంతో ఆశపెట్టుకున్నారు. 2016 మే 20న ఆ సినిమా వచ్చింది, నిరాశపరచింది. పవన్ కల్యాణ్ 25వ చిత్రం 'అజ్ఞాతవాసి' 2018 జనవరి 10న సంక్రాంతి సందడిలో విడుదలైతే, పండుగ పూర్తిగా రాకముందే ఆ ఉత్సాహం చల్లారిపోయింది. వరుసగా నాలుగు విజయాలు చూసిన కొరటాల శివ దర్శకత్వంలో చిరంజీవి, రామ్ చరణ్ కలిసి నటించిన 'ఆచార్య' 2022 ఏప్రిల్ 29న వచ్చింది. తండ్రీకొడుకులిద్దరూ ఉన్నా అది నిలబడలేదు. అదే సంవత్సరం ఆగస్టు 25న వచ్చిన 'లైగర్' కోసం ఊరూరా తిరిగి ప్రచారం చేశారు. బాక్సింగ్ వీరుడు మైక్ టైసన్‌ను సైతం నటింపజేశారు. ఫలితం మనకు తెలిసిందే. పేరు గొప్ప, ఊరు దిబ్బ!

ఇవన్నీ పేరున్నవారు తీసినవే. వారికి పని చేతకాక కాదు. మరి ఇంత ఆర్భాటం ఎందుకు అవసరమవుతోంది? దీనివెనుక ఒక లెక్క ఉంది.

మన పెద్దల రోజుల్లో సినిమా ప్రింట్లు తక్కువగా ఉండేవి. మొదట పట్టణాల్లో ఆడి, ఆ తరువాత చిన్న ఊళ్ళకు వచ్చేది. యాభై రోజులు, వంద రోజులు ఆడితేనే విజయం. కాబట్టి చూసివచ్చినవారి మాటే సినిమాకు ప్రచారం. 'శంకరాభరణం' సంగతే చూడండి. 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. పేరుమోసిన హీరో లేడు. ముఖ్యపాత్ర వేసిన సోమయాజులు గారు ప్రభుత్వోద్యోగి. మొదటి రోజుల్లో హాళ్ళు పలుచగానే ఉన్నాయి. కాని చూసినవారు ఇంటికి వెళ్ళి ఇరుగుపొరుగుకు చెప్పారు. వారు మరొకరికి చెప్పారు. హాళ్ళు నిండాయి. ఈనాటికీ ఆ సినిమాను తలచుకుంటున్నాం.

ఇప్పుడు పరిస్థితి తారుమారైంది. పెద్ద సినిమా ఒకేరోజున వేల తెరలమీదికి వస్తుంది. నిజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గుంటూరు, కృష్ణా అంటూ ఏరియాల వారీగా పంపిణీదారులు విడుదలకు ముందే కోట్లకు కొనుక్కుంటారు. చాలాసార్లు హీరో పేరు, దర్శకుని పేరు చూసే బేరం కుదురుతుంది. ఆ డబ్బులో పెద్దభాగం మొదటి మూడు నాలుగు రోజుల్లోనే తిరిగి రావాలి. సినిమా బాగుందో లేదో జనానికి తెలిసేలోగా జనం డబ్బు చెల్లించెయ్యాలన్నమాట! ఆర్భాటమంతా అందుకే. అది సినిమా గురించి మనకిచ్చే సమాచారం కాదు. మనం సమాచారం తెలుసుకోకముందే జేబులో చెయ్యి పెట్టించే ఏర్పాటు.

ఆ ఏర్పాటు బెడిసికొట్టినప్పుడు నష్టపోయేది ప్రేక్షకుడొక్కడే కాదు. 'లైగర్' విషయంలో తెలంగాణ థియేటర్లవారు తమ నష్టం తీర్చమని 2023 మే నెలలో హైదరాబాదులో ఫిల్మ్ ఛాంబర్ ఎదుట ధర్నాకు కూర్చున్నారు. తమిళంలో 2002లో వచ్చిన రజనీకాంత్ 'బాబా' కూడా ఇలాగే పడిపోతే, ఆయన పంపిణీదారుల నష్టాన్ని తానే పూడ్చారు. అటువంటి మర్యాద పంపిణీదారునికి ఎప్పుడైనా దక్కవచ్చు. కాని టికెట్టు కొన్న మనకు డబ్బు తిరిగిచ్చేవారెవరు?

2025 సంక్రాంతి మనకు మంచి పాఠం చెప్పింది. జనవరి 10న శంకర్ దర్శకత్వంలో 'గేమ్ ఛేంజర్' వచ్చింది. మూడేళ్ళకు పైగా తీశారు. పాటలకే పదుల కోట్లు ఖర్చయిందని చెప్పుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అర్ధరాత్రి దాటాక వేసే బెనిఫిట్ షోకు టికెట్టు ధర 600 రూపాయల వరకు పెంచుకోవడానికి అనుమతి వచ్చింది. నలుగురు వెళితే 2,400 రూపాయలు! ఒక సామాన్య కుటుంబానికి అది ఎన్ని రోజుల కూరగాయలు, పాలు? ఆ సినిమా ఆశించినంత ఆడలేదు. నాలుగు రోజుల తరువాత, జనవరి 14న, అదే నిర్మాణ సంస్థ నుండి వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం' తక్కువ ఖర్చుతో తీసిన ఇంటిల్లిపాది నవ్వుకునే సినిమా. జనం మళ్ళీ మళ్ళీ చూశారు. ఖర్చుకూ, ఆర్భాటానికీ, మనకు కలిగే సంతోషానికీ సంబంధం లేదని ఇంతకంటె ఎవరు రుజువు చేయగలరు?

డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. పోతే రానిది మరొకటి ఉంది. 2025 జనవరి 4న రాజమహేంద్రవరంలో జరిగిన 'గేమ్ ఛేంజర్' వేడుకనుండి ఇంటికి తిరిగి వెళ్తూ ఇద్దరు యువకులు రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. వారు ఎదురుచూసిన సినిమాను వారు చూడనేలేదు. దానికి నెల ముందు, 2024 డిసెంబరు 4 రాత్రి, హైదరాబాదులో 'పుష్ప 2' ముందస్తు ఆటకు వచ్చిన జనం తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఆ సినిమా గొప్పగా ఆడింది. అయితేనేం? అదే సినిమాను వారం తరువాత తీరికగా చూసినా కథలో ఒక్క అక్షరం మారేది కాదు.

ఇక్కడ మరొక మాట న్యాయంగా చెప్పుకోవాలి. అంచనాలు అందుకోలేని ప్రతి సినిమా చెడ్డది కాదు. మూడేళ్ళ విరామం తరువాత మహేశ్ బాబు నటించిన 'ఖలేజా' 2010 అక్టోబరు 7న వచ్చి పరాజయం పాలైంది. 'మగధీర' వెంటనే వచ్చిన రామ్ చరణ్ 'ఆరెంజ్' అదే ఏడాది నవంబరు 26న వచ్చి నిర్మాతను అప్పుల్లోకి నెట్టింది. కాని తరువాత టీవీలో చూసినవారు వాటిని ఇష్టపడ్డారు. 'ఆరెంజ్'ను 2023లోను, 'ఖలేజా'ను 2025లోను మళ్ళీ విడుదల చేస్తే యువకులు హాళ్ళకు పరుగెత్తారు. సినిమా మారిందా? లేదు. మనం వెంట తీసుకువెళ్ళిన ఊహ మారింది. మొదటిసారి మరో 'మగధీర' కావాలని వెళ్ళారు. రెండవసారి తెరమీద ఏముందో అది చూడటానికి వెళ్ళారు. మితిమీరిన ప్రచారం చెడ్డ సినిమాను కాపాడలేదు సరికదా, బాగున్న సినిమాను కూడా మనకు కనబడనివ్వదు.

అయితే ఏం చేయాలి? పిల్లల్ని సినిమాకే వెళ్ళవద్దని కసిరితే వాళ్ళు చెప్పకుండా వెళ్తారు. అలా కాక, వారితో ఒక చిన్న ఒప్పందం చేసుకోండి. సినిమా వ్యాపారంలో ఉన్నవారే మొదటి సోమవారాన్ని అసలు పరీక్షగా చూస్తారు. సెలవులు అయిపోయి, అభిమానుల కేకలు తగ్గాక హాల్లో ఎంతమంది ఉన్నారన్నదే వారికి లెక్క. మనమూ ఆ సోమవారం దాకా ఆగుదాం. చూసివచ్చినవారిని అడుగుదాం. హీరో ఎలా ఉన్నాడని కాదు, కథ ఏమిటని అడుగుదాం. పిల్లలతో కలిసి కూర్చొని చూడవచ్చా అని అడుగుదాం. బాగుందంటే అందరం కలిసి, అప్పటి ధరకే, పగటి ఆటకు వెళ్దాం. బాగులేదంటే ఆ డబ్బుతో ఆదివారం సాయంత్రం ఇంట్లో అందరికీ ఇష్టమైనది వండుకుందాం.

"నా స్నేహితులందరూ మొదటి రోజే చూస్తారు, నేను వెనకబడిపోతాను" అని మీ అబ్బాయి అనవచ్చు. ఆ మాటను తేలికగా తీసుకోకండి. ఆ వయస్సులో నలుగురిలో ఒకడిగా ఉండాలన్న కోరిక బలమైనది. ఆర్భాటం చేసేవారు పట్టుకొనేది కూడా ఆ కోరికనే. ఈ సంగతి కుర్రవాడికి ఓపికగా విడమరచి చెప్పండి. తన ఆత్రుతను ఎవరు, ఎందుకు, ఎంతకు అమ్ముకుంటున్నారో ఒకసారి అర్థమైతే, రేపు సెల్‌ఫోను ప్రకటన చూసినా, కాలేజీ ప్రకటన చూసినా, పెళ్ళి సంబంధంలో గొప్పలు విన్నా, తొందరపడి చెయ్యి చాపడు.

మూడు రోజులు ఆగడం నేర్చుకున్న పిల్లవాడు ఒక్క టికెట్టు డబ్బు మాత్రమే మిగుల్చుకోడు. ఈ నెల మీ ఇంట్లో ఈ ఒప్పందం ప్రయత్నించి చూడండి.