తొంభైల జ్ఞాపకాల్లో మా దండెం ఎక్కడ?

పోయిన ఆదివారం ఒక మిత్రుడు వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. "తొంభైల్లో పెరిగినవాళ్లకే తెలుసు" అని మొదలైంది. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి, ఆదివారం శక్తిమాన్, రస్నా గ్లాసులు, చిక్కుపడ్డ క్యాసెట్ టేపుని పెన్సిలుతో తిప్పడం. వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఇల్లు, ఆవిడ కలిపి పెట్టే ఆవకాయ ముద్ద కోసం చుట్టూ చేతులు చాపిన పిల్లలు. వెనక ఇళయరాజా పాట. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. రెండోసారి చూశాను. మూడోసారి చూస్తుంటే ఒక ప్రశ్న వచ్చింది. ఇందులో నేనెక్కడున్నాను?

శక్తిమాన్ నేనూ చూశాను. మా అమ్మ పనికెళ్లే ఆసామి ఇంటి కిటికీ బయట నిలబడి చూశాను. లోపల వాళ్ల పిల్లలు చాప మీద కూర్చునేవాళ్లు. బయట మేం నలుగురం ఇటుకలు పేర్చుకుని, ఊచలు పట్టుకుని నిలబడేవాళ్లం. కరెంటు పోతే "ఇంక పోండ్రా" అనేవాళ్లు. కరెంటొచ్చాక మళ్లీ రమ్మని ఎవరూ పిలిచేవాళ్లు కాదు. మేమూ వాళ్లూ ఒకే సీరియల్ చూశాం. ఇప్పుడు వాళ్లు ఫేస్‌బుక్‌లో "మన చిన్నతనం" అని పెడితే నేను లైక్ కొడుతున్నాను. కానీ కిటికీ లోపలి చిన్నతనం, బయటి చిన్నతనం ఒకటేనా?

మా వేసవి సెలవులు వేరే. పెద్దవాళ్లు మిరపకోతలకి పోతే వెంట మేమూ పోయేవాళ్లం. రాత్రికి చేతుల మంట తగ్గదు, కళ్లు నలుపుకుంటే ఇంకా మంట. మేలో చర్చిలో వి.బి.ఎస్. పెట్టేవాళ్లు. పది రోజులు పాటలు, ఆటలు, చివర్లో బిస్కెట్లు. మాకు అదే సమ్మర్ క్యాంపు. ఆవకాయ మీద నాకు కోపం లేదు. మా అమ్మ కూడా గాలికి రాలిన కాయలు ఏరుకొచ్చి పెట్టేది. కానీ మా ఇంటి వాసన ఆవకాయ కాదు, ఎండు తునకలు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. పెద్దమాంసం దొరికిన రోజు పండగ. ఆ పూటకి వండుకోగా మిగిలింది పాడవకుండా చూసుకోవాలి. ఫ్రిజ్ ఎక్కడిది? మా నాయనమ్మ మాంసాన్ని పొడుగ్గా, సన్నగా కోసేది. ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద వేసేది. మూడు నాలుగు రోజులు ఎండాలి. కర్ర పట్టుకుని కాకుల్ని తోలడం నా డ్యూటీ. ఎండాక డబ్బాలో దాచేది. వానాకాలం పనులు లేని రోజుల్లో అవే తీసి, నిప్పుల మీద కాల్చి, రోట్లో దంచి, దోసకాయలోనో గోంగూరలోనో వేసేది. ఇది ఏ పుస్తకం చూసి నేర్చిన విద్య కాదు. ఆకలి రోజులకి ముందే లెక్క వేసుకున్న ఒక ముసలామె తెలివి.

అదే దండేన్ని బడి పంతులుగారు జనాభా లెక్కలకి వస్తున్నారంటే అమ్మ గబగబా ఖాళీ చేసేది. తునకలు లోపలికి, చీరలు బయటికి. ఎందుకమ్మా అని నేనెప్పుడూ అడగలేదు. అడగక్కర్లేదు, చూస్తేనే అర్థమైపోతుంది. మనలో చాలామందికి కులం మొదట ఎవరో తిట్టడం వల్ల తెలియలేదు. మన అమ్మలు దేన్ని దాస్తున్నారో చూసి తెలిసింది.

ఆ దాచడం నాకూ వచ్చేసింది. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వచ్చి రూము తీసుకుంటే, అమ్మ హార్లిక్స్ సీసాలో తునకలు నింపి, మూడు కవర్లు చుట్టి పంపింది. ఒకరోజు వేయించాను. ఓనరు మెట్లెక్కి వచ్చి "ఏంటి బాబూ ఈ వాసన?" అన్నాడు. నేను "ఎండు చేపలు సార్" అన్నాను. చేపలని చెప్తే కాస్త క్షమిస్తారని నాకెవరు నేర్పారు? ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఇక పంపొద్దన్నాను. ఆమె సరే అంది. ఎందుకని అడగలేదు. ఆమెకీ అడగక్కర్లేదు.

ఇప్పుడు ఇదే నగరంలో "పల్లె రుచులు" బోర్డులు చూస్తున్నాను. జొన్నరొట్టె, రాగి సంగటి, అంబలి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కూడా. మంచిదే. బియ్యం కొనలేక మా వాళ్లు తిన్న తిండి ఇప్పుడు డాక్టర్లు రాసిస్తున్న తిండి అయింది. కానీ గమనించండి, మా కంచంలోంచి సంగటి ఒక్కటే మెనూలోకి ఎక్కింది. పక్కనున్న తునకల కూర కంచంలోనే ఉండిపోయింది. పల్లె రుచి అంటే ఊరి రుచే. మాలపల్లె, మాదిగపల్లె రుచి ఆ బోర్డు మీదకి రాదు.

పాట సంగతికి వద్దాం. ఆ వీడియో వెనక ఇళయరాజా పాట ఉందన్నాను కదా. తమిళనాడులోని పన్నైపురంలో దళిత కుటుంబంలో పుట్టి, అన్న పావలర్ వరదరాజన్ దళంతో కమ్యూనిస్టు సభల్లో ఊరూరా తిరిగి పాడిన కుర్రాడు ఆయన. అందరి చిన్నతనానికీ సంగీతం మన వాడిది, బొమ్మల్లో మాత్రం మనం లేం. మా పల్లెలో పొద్దున మైకులో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. ఏప్రిల్ 14న అదే మైకులో గద్దర్. 1997లో 'ఒసేయ్ రాములమ్మా' వచ్చాక ఆ క్యాసెట్ అరిగిపోయేదాకా వేశారు. నా తొంభైల ప్లేలిస్ట్ ఇది. ఏ వీడియోలోనూ కనపడదు.

డప్పు కథ ఇంకొంచెం క్లిష్టం. మా తాత ఊళ్లో చావులకి, జాతర్లకి డప్పు కొట్టేవాడు. కొట్టనంటే కుదరదు, అది వెట్టి. 1985 జులై 17న కారంచేడు జరిగింది. ఆ తర్వాత కొన్నాళ్లకి ఒక ఆసామి ఇంట చావుకి పిలుపొస్తే తాత వెళ్లలేదు. డప్పు అటకెక్కించాడు. నాన్నకి నేర్పలేదు. 1994 జులై 7న ఈదుముడిలో దండోరా పుట్టింది. మా బాబాయి అటకెక్కి అదే డప్పు దించి, మంట మీద కాచి, మీటింగుకి పట్టుకెళ్లాడు. తాత రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఎవరు రైటు? చాలాకాలం నేను ఎటూ తేల్చుకోలేకపోయాను. ఇప్పుడనిపిస్తోంది, ఇద్దరూ ఒకే పని చేశారని. తాత ఊరి పిలుపుకి కొట్టే డప్పుని ఆపాడు. బాబాయి తన పిలుపుకి కొట్టే డప్పుని మొదలుపెట్టాడు. తిండి సంగతీ అంతే. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చచ్చిన పశువుల మాంసం మానేయమన్నారు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో మన విద్యార్థులు బీఫ్ వండుకుని బహిరంగంగా తిన్నారు, దాడులు ఎదుర్కొన్నారు. ఈ రెండిట్లో వైరుధ్యం ఉందనేవాళ్లకి ఒక్కటే జవాబు. మన మీద రుద్దింది వద్దనడం, మనం ఎంచుకున్నదాన్ని దాచుకోకపోవడం రెండూ ఆత్మగౌరవమే.

అందుకే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నా మనవి. "నోస్టాల్జియా అగ్రకులాల లగ్జరీ, మనకెందుకు?" అని కొందరు మిత్రులు అంటారు. నేనొప్పుకోను. మనం రాయని చోట వాళ్ల అమ్మమ్మే అందరి అమ్మమ్మ అయిపోతుంది. అయితే రాసేటప్పుడు ఆకలికి పూలు చుట్టొద్దు. మిరపకోత మంటని "ఆ రోజులే వేరు" అని మురిసిపోతూ రాయొద్దు. ఆ రోజులు మళ్లీ రాకూడదనే కదా మనం చదువుకుంటున్నది. నాయనమ్మ తెలివిని గుర్తుపెట్టుకుందాం, ఆమెకి ఆ తెలివి అవసరం చేసిన పేదరికాన్ని కూడా పక్కనే రాద్దాం.

మహారాష్ట్రలో షాహూ పాటోళె మరాఠ్వాడా దళితుల వంటల మీద ఏకంగా పుస్తకం రాశారు. మనకి ఎండ్లూరి సుధాకర్ 'మల్లెమొగ్గల గొడుగు' ఉంది, గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' ఉంది. వంట మీద, పాట మీద, చూసిన సినిమాల మీద ఇంకా ఎంతో రాయాల్సింది ఉంది. పెద్ద సాహిత్యమే అక్కర్లేదు. ఈ సెలవులకి ఇంటికెళ్తే ఫోనులో రికార్డింగ్ నొక్కి పెద్దవాళ్ల ముందు పెట్టండి. ఏం వండేవాళ్లో, ఏం పాడేవాళ్లో, ఏది దాచేవాళ్లో అడగండి.

నేను ఆలస్యం చేశాను. నాయనమ్మ పోయి ఆరేళ్లయింది. దోసకాయ తునకల్లో ఆమె పులుపు కోసం ఏం వేసేదో నాకు తెలియదు. మొన్న అమ్మకి ఫోన్ చేసి, "అమ్మా, నాయనమ్మ తునకల కూర ఎట్లా చేసేదే?" అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత గొంతు తగ్గించి అంది: "గట్టిగా అనకురా, పక్కన ఎవరన్నా ఉంటారు."

"ఉండనీ అమ్మా, చెప్పు" అన్నాను. చెప్పింది. రాసుకున్నాను. వచ్చే భాగంలో పెడతాను.

జై భీమ్.