ఉరుము కాదు, ఎండ

మృగశిర కార్తె రాగానే జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఎర్రనేలలు దుక్కికి సిద్ధమవుతాయి. అదే రోజుల్లో పెరట్లో నాటు పెట్ట పొదుగుకొస్తుంది. ఈకలు ఉబ్బించుకుని, దగ్గరికెళ్తే పొడుస్తూ, గంప వదలకుండా కూర్చుంటుంది. ఇల్లాలు గంపలో గడ్డి పరిచి పదకొండో పదమూడో గుడ్లు పెడుతుంది. లెక్క బేసిగా ఉండాలి, ఆ రోజు అమావాస్య కాకూడదు. అన్నీ అయ్యాక ఇంట్లో పెద్దామె అడుగుతుంది: “ఇనుప ముక్క ఏసినవా బిడ్డా? ఉరుముకు గుడ్లు మురుగుతయి.”

గంపలో ఒక మేకు, ఒక బొగ్గు ముక్క, ఒక ఎండుమిరపకాయ. ఇది మన పెద్దల అనుభవసారం అనుకుంటాం. అయితే ఇదే మేకు రోమన్ల గంపల్లోనూ ఉంది. క్రీ.శ. 79లో చనిపోయిన రోమన్ రచయిత ప్లినీ, పొదిగే వేళ ఉరిమితే గుడ్లు పాడవుతాయనీ, గడ్డి కింద ఇనుప మేకు పెడితే దోషం పోతుందనీ రాశాడు. అదే శతాబ్దానికి చెందిన వ్యవసాయ రచయిత కొలుమెల్లా, చాలామంది ఆ మేకులతో పాటు వెల్లుల్లి గడ్డలు కూడా పెడతారని రాశాడు. గుడ్ల లెక్క బేసిగా ఉండాలన్న నియమం వాళ్లకూ ఉంది.

ఇంత దూరదేశాలవాళ్లు, ఇంత కాలంగా నమ్మారంటే ఇందులో నిజం ఉండి తీరాలని కొందరంటారు. మనుషులందరూ చూడగలిగే నిజం ఉన్నట్టే, మనుషులందరూ చేసే పొరపాటూ ఉంటుంది. ఇది ఆ రెంటిలో ఏదో తేల్చాల్సింది నమ్మకం వయసు కాదు, పరీక్ష. గిజిగాడిని చూడండి. అది గూడు అల్లేదీ, గుడ్లు పెట్టేదీ వానాకాలంలోనే. తుమ్మకొమ్మకు వేలాడే ఆ గూటిలో గడ్డిపోచలూ కాస్త బంకమట్టీ తప్ప ఇనుము ఉండదు. నెత్తిమీద ఆకాశం బద్దలవుతున్నా పిల్లలు బయటికొస్తాయి. ఉరుము గుడ్డును చంపేదే అయితే ఈ పిట్ట జాతి ఎప్పుడో అంతరించేది. 1960ల్లో అమెరికాలో ధ్వనివేగాన్ని మించే విమానాల పేలుడు మోతలను కోడిగుడ్ల మీద పరీక్షించారు. ఆ మోతల వల్ల పిల్లలయ్యే గుడ్లు తగ్గలేదు.

మరి తొలకరి వేళ గుడ్లు మురిగిపోవడం అబద్ధమా? కాదు. ఆడవాళ్లు చూసింది నిజమే, దానికి చెప్పుకున్న కారణమే తప్పు. నాటు పెట్ట రోజూ గుడ్డు పెట్టదు. వంటింటి మూలలో పదమూడు గుడ్లు కూడాలంటే రెండు మూడు వారాలు పడుతుంది. ఆ వారాలు మే నెలవి, పగటి ఎండ 40 డిగ్రీలు దాటే రోజులు. సుమారు 27 డిగ్రీల వేడి దాటితే గుడ్డులోని పిండం మెల్లగా ఎదగడం మొదలుపెడుతుంది. కానీ పొదుగుకు కావలసిన 37.5 డిగ్రీల నిలకడైన వేడి అందదు. అలా సగం ఎదిగి చచ్చిపోయిన గుడ్లనే జూన్‌లో పెట్ట కింద పెడతాం. తర్వాత ఉరుముతుంది. గుడ్డు చచ్చింది వంటింటి మూలలోని ఉడుకులో, నింద పడింది మేఘం మీద.

ఈ తప్పు కారణం వల్ల నష్టం ఏమిటంటారా? మేకు వేసిన చేయి అంతటితో నిశ్చింతగా ఉండిపోతుంది. గుడ్లను తడి ఇసుక మీద పెట్టిన కుండలో చల్లగా దాచాలనీ, వారం దాటినవి పొదుగుకు పెట్టకూడదనీ ఆలోచించదు. పొదుగుకు పెట్టిన ఏడో రోజు రాత్రి చీకటిగదిలో గుడ్డు మొద్దు కొనకు సెల్‌ఫోన్ లైటు ఆనిస్తే, జీవమున్న గుడ్డులో సాలెగూడులాంటి ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఏమీ లేని గుడ్డును అప్పుడే తీసేయవచ్చు. అది కుళ్లి పగిలితే పక్క గుడ్లనూ చెరుస్తుంది.

మేకు గుడ్డును కాపాడదు, చెరపదు కూడా. పక్కనే ఉన్న మరో నమ్మకం మాత్రం మనుషులను గాయపరుస్తుంది. ముట్టులో ఉన్న ఆడది గంప తాకితే గుడ్లు మురుగుతాయంటారు. పిల్లలు కాకపోతే కోడలినో, పదమూడేళ్ల కూతురినో నిలదీస్తారు. గుడ్డు పెంకుకు వేల సన్నని రంధ్రాలుంటాయి, మురికి చేతిలోని సూక్ష్మజీవులు వాటిగుండా లోపలికి పోగలవు. ఆ మురికి మగవాడి చేతికైనా ఒకటే. చేతులు కడుక్కోమనడం జ్ఞానం. దూరంగా కూర్చోమనడం అవమానం.

పొదుగు వద్దనుకున్నప్పుడు పెట్టకు జరిగేదీ చూడాలి. ముక్కు రంధ్రాల్లో ఈక గుచ్చుతారు, చల్లనీళ్లలో ముంచుతారు, కాళ్లు కట్టి పడేస్తారు. కొన్నాళ్లకు అది మళ్లీ గుడ్లు పెడితే ఈక పనిచేసిందంటారు. పొదుగు అంటే పెట్ట మొండితనం కాదు, దయ్యమూ కాదు. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగడమే దానికి మూలం. బాలింతకు పాలు పట్టించేదీ అదే. గంప, చీకటి, పొట్ట కింది గుడ్ల స్పర్శ ఆ హార్మోన్‌ను నిలబెడతాయి. వాటినుంచి తప్పించి, అడుగున గాలి ఆడే వెలుతురు బోనులో మేతా నీళ్లూ పెట్టి మూడు నాలుగు రోజులుంచితే చాలు, పొదుగు సాధారణంగా దిగిపోతుంది. ఏ రోజు గుడ్డు ఆ రోజే తీస్తే చాలాసార్లు పొదుగుదాకా రాదు.

ఆ పెట్ట విలువ కూడా తెలియాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి ఇచ్చిన వనరాజా వంటి రకాలకు పొదుగు గుణం అంతగా లేదు. ఇంట్లో పిల్లలు చేయాలంటే దిక్కు నాటు పెట్టే. 21 రోజులు రోజుకు ఒక్కసారి లేచి, నాలుగు గింజలు తిని, ఒళ్లు తగ్గించుకుంటూ గుడ్లు తిప్పేది అది. పిల్లలైతే ఆ ఘనత ఇనుప ముక్కకు పోతుంది.

జహీరాబాద్ ఆడవాళ్లకు పరీక్ష కొత్తది కాదు. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు దశాబ్దాలుగా జొన్న, కొర్ర విత్తనాలను ఏరి దాచుకుంటున్నారు. విత్తనం మీద అనుమానం వస్తే రైతు తడిగుడ్డలో మూటకట్టి, ఎన్ని మొలిచాయో లెక్కపెడుతుంది. మొలకెత్తని విత్తనానికి ఉరుమును తిట్టదు. ఈ తొలకరికి అదే లెక్క గంపకూ పెట్టండి. రెండు పెట్టలుంటే రెంటి కిందా వారం లోపు గుడ్లే వేసి, ఒక గంపలో మేకు ఉంచండి, ఇంకోదాంట్లో తీసేయండి. ప్రతి ఏటా ఎన్ని పిల్లలయ్యాయో గోడమీద బొగ్గుతో గీతలు గీయండి. ఆ బొగ్గు ముక్క గంపలోకన్నా గోడమీదే ఎక్కువ పనికొస్తుంది.